హార్లన్ గారికి నేను సూపర్‌వైజర్‌ని

పోయిన జూలైలో ఒక మధ్యాహ్నం ఎడ్మంటన్ శివార్లలో, హైవే మీద వడగళ్ల వానలో ఇరుక్కుపోయాం. ఒక్కో వడగల్లు నిమ్మకాయంత ఉంది. కారు పైకప్పు మీద ఠంగు ఠంగుమని పడుతుంటే, డ్రైవ్ చేస్తున్న మా ఆయన కిరణ్ మెడని భుజాల్లోకి లాక్కుని, అవి తన నెత్తి మీదే పడుతున్నట్టు ప్రతి దెబ్బకీ ఉలిక్కిపడుతున్నాడు. ఎలాగో ఒక బ్రిడ్జి కిందికి కారు చేర్చి నా వైపు తిరిగాడు. నేను కళ్లు మూసుకుని నవ్వుతున్నాను.

"కారంతా సొట్టలు పడుతుంటే ఆ నవ్వేంటి సౌజన్యా?"

"ఎవరో టీకి పిలుస్తున్నట్టుంది" అన్నాను.

ఆ మాటకి అర్థం కిరణ్‌కి తెలుసు. మీకు తెలియాలంటే ముందు హార్లన్ గారి గురించి చెప్పాలి.

హార్లన్ బీస్లీ అమెరికాలో పదిహేడేళ్లు ప్రొఫెషనల్ గోల్ఫర్‌గా బతికిన మనిషి. ఆ పేరు మీరు విని ఉండరు. గోల్ఫ్ చూసేవాళ్లు కూడా విని ఉండరు. "నా పేరు గుర్తున్నది ఇద్దరికే. ఒకరు మా ఆవిడ మార్లీన్, ఇంకొకరు టాక్స్ వాళ్లు" అని ఆయనే చెప్పుకునేవారు. నాకు పరిచయమయ్యేనాటికి ఆయనకి డెబ్బై దగ్గరపడుతోంది. అమెరికా సరిహద్దుకి ఇవతల, సర్రీలో ఊరి చివర ఉన్న ఒక డ్రైవింగ్ రేంజ్‌కి మేనేజరు, సూపర్‌వైజరు, కోచ్ అన్నీ ఆయనే. డ్రైవింగ్ రేంజ్ అంటే కార్లు నేర్పే చోటనుకుని నేను రెజ్యూమె పట్టుకుని వెళ్లాను. తీరా చూస్తే అది పొడవాటి పచ్చిక మైదానం. ఒక చివర వరసగా నిలబడి జనం బకెట్ల కొద్దీ గోల్ఫ్ బంతులు కొడుతున్నారు. కొట్టిన బంతిని తెచ్చుకోవడానికి మాత్రం ఎవరూ కదలడం లేదు.

ఆ రోజుల్లో సర్రీలో ఏ బస్సెక్కినా సగం మంది మాలాంటి స్టూడెంట్లే. ఒక కాఫీ షాపులో ఒక్క ఉద్యోగం ఉందంటే క్యూ వీధి మలుపు తిరిగేది. సూర్యాపేట నుంచి వచ్చి నాలుగు నెలలైనా నాకు పార్ట్ టైమ్ పని దొరకలేదు. అందుకే కౌంటర్ వెనక ఉన్న ఆ పొడుగాటి ముసలాయన "గోల్ఫ్ తెలుసా?" అని అడగ్గానే తెలుసన్నాను. ఎన్నాళ్లుగా అన్నారు. చిన్నప్పటి నుంచీ అన్నాను. ఆయన ఒక క్లబ్ తీసి నా చేతికిచ్చారు. కర్రకి ఏది మొదలో ఏది చివరో చూసుకుని, మా అమ్మ పరుపులు దులిపేటప్పుడు పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాను.

ఆయన క్లబ్ వెనక్కి తీసుకున్నారు. "అబద్ధం చెప్పడంలో నీకు అసలు ప్రాక్టీసు లేదు. రేపటి నుంచి రా" అన్నారు.

నా పని బంతులు ఏరే బండి నడపడం. చిన్న ట్రాక్టరు లాంటి బండి, చుట్టూ ఇనప వల, పైన రేకు, ముందు బంతుల్ని నోట్లోకి లాక్కునే దొప్పలు. నేను బండితో మైదానంలోకి దిగానో లేదో, అప్పటిదాకా గురంటూ లేకుండా కొడుతున్నవాళ్లంతా ఒక్కసారిగా నన్నే గురిపెట్టేవారు. డాక్టర్లు, లాయర్లు, మనవలున్న తాతలు, అందరూ. మొదటి రోజు బండి దిగీ దిగగానే, వాళ్లు నన్నే కొడుతున్నారని చెప్పాను.

"వీళ్లలో ఎవరూ ఇంతవరకూ గురిపెట్టిన చోట కొట్టలేదు. వాళ్లు నిన్ను గురిపెట్టినంత కాలం మైదానంలో అన్నిటికన్నా భద్రమైన చోటు నీదే" అన్నారు హార్లన్ గారు.

అది నిజమే. బండికి తగిలే బంతులన్నీ ఆయనవే. మధ్యాహ్నం మూడింటికి ఆయనకి టీ కావాలి. ఫోన్ చెయ్యడం బద్ధకం. షాపు ముందు నిలబడి, నూటయాభై గజాల అవతల నేను ఎటు తిరుగుతున్నా సరే, ఒక్క బంతి కొట్టేవారు. అది నింపాదిగా గాల్లోకి లేచి, వచ్చి నా నెత్తి మీది రేకుకి ఠంగుమని తగిలేది. ఒక ఠంగు అంటే టీ. రెండు ఠంగులంటే ఓనర్ బల్బీర్ గారు వచ్చారని. ఆయన చేతి గురి తప్పడం నేను చూడలేదు. అంత పనితనమున్న మనిషి ప్రపంచంలో ఎందుకు గెలవలేకపోయాడా అని రేకు కింద కూర్చుని ఆలోచించేదాన్ని.

టీ దగ్గరే ఆయన కథలన్నీ విన్నాను. పాత కారులో క్లబ్బులూ తనూ పడుకుని, ఊరూరా చిన్న టోర్నమెంట్లు ఆడుతూ తిరిగిన మనిషి. పెద్ద టూర్‌లోకి, అంటే పేరున్న టోర్నమెంట్లలోకి, వెళ్లాలంటే ఏటా చలికాలంలో సెలెక్షన్ పోటీ ఉంటుందట. మా ఊళ్లో ఇంటర్ సప్లిమెంటరీ రాసినట్టు ఆయన దాన్ని పదకొండుసార్లు రాశారు. ఎనిమిదోసారి పాసయ్యారు. ఒక్క ఏడాది, ఒకే ఒక్క ఏడాది, టీవీలో కనిపించేవాళ్లతో కలిసి ఆడారు. "టీవీలో నేనూ కనిపించాను. పదకొండు సెకన్లు. అందులో తొమ్మిది సెకన్లు శాండ్‌విచ్ తింటూ" అనేవారు. మరి ఆ తరవాత ఏడాది ఎందుకు ఆడలేదని అడిగితే మాత్రం ఒకటే జవాబు.

"గడ్డి."

"గడ్డేంటి?"

"గడ్డే" అని కప్పు కింద పెట్టి లేచిపోయేవారు.

నన్ను ఆయన సోజీ అనేవారు. నేను హార్లన్ గారూ అంటే, 'గారు' అంటే ఏమిటని అడిగి, తెలుసుకుని, ఆ వారమంతా బల్బీర్ గారి చేత కూడా అలాగే పిలిపించుకోవాలని చూశారు. ఇంకోరోజు నేను అమ్మతో ఫోన్ మాట్లాడుతుంటే చాలాసేపు జాలిగా చూస్తూ కూర్చున్నారు. ఫోన్ పెట్టేశాక, "మీ అమ్మకి ఒంట్లో బాగాలేదా?" అన్నారు.

"బాగానే ఉందండీ. ఎందుకు?"

"నువ్వు ఏ ఊళ్లో ఉన్నావో పాపం ఆమెకి గుర్తుండట్లేదు. సర్రీ, సర్రీ, సర్రీ అని ఇరవైసార్లు చెప్పావు."

అమ్మ ఇచ్చే సలహాలన్నిటికీ నేను "సరే, సరే" అంటున్నానని విడమరిచేసరికి నవ్వలేక నా పొట్ట చెక్కలైంది.

చదువు పూర్తయింది. మూడేళ్ల వర్క్ పర్మిట్ వచ్చింది. కాలేజీ సర్టిఫికెట్ పట్టుకుని ఆఫీసులకి అప్లై చేస్తూ, ఇవాళో రేపో వస్తుందనుకుంటూ రేంజ్‌లోనే ఫుల్ టైమ్ చేరిపోయాను. చూస్తుండగానే పర్మిట్‌లో పదిహేను నెలలే మిగిలాయి. పీఆర్, అంటే ఇక్కడే శాశ్వతంగా ఉండే అనుమతి, రావాలంటే స్కోరు కావాలి, స్కోరు రావాలంటే ఏడాది పాటు కాస్త పై స్థాయి ఉద్యోగం చేసినట్టు లెటర్ కావాలి. బంతులేరడం ఆ లెక్కలోకి రాదు. సూపర్‌వైజర్ అయితే వస్తుంది. మేముండే బేస్‌మెంట్‌లో ఆరుగురు అమ్మాయిలం. మిగిలిన ఐదుగురూ సూపర్‌వైజర్లే. పిజ్జా షాపులో సూపర్‌వైజర్, పెట్రోల్ బంకులో సూపర్‌వైజర్, దోసెల బండి దగ్గర సూపర్‌వైజర్. ఎవరి కింద ఎవరూ పనిచెయ్యరు, అందరూ గిన్నెలు తోముతారు, కానీ కాగితం మీద అందరూ సూపర్‌వైజర్లే.

"నీకేంటే పిచ్చా? ఏడాది నుంచి నువ్వే సూపర్‌వైజర్‌వని రాయించుకో. ఆ ముసలాయన నిన్ను కూతుర్లా చూస్తాడు కదా, సంతకం పెట్టడా ఏంటి?" అంది గుడివాడ సింధు. పిజ్జా షాపు సూపర్‌వైజర్ తనే.

లెటర్ నేనే టైప్ చేసుకుని తీసుకెళ్లాను. హార్లన్ గారు కళ్లజోడు పెట్టుకుని చదివారు.

"పోయిన జూన్ నుంచి సూపర్‌వైజర్‌వని ఉంది."

"అవునండీ. అందరూ అలాగే రాయిస్తారు."

"పోయిన జూన్‌లో నువ్వు బండిలో ఉన్నావు సోజీ. నేనే కదా నిన్ను కొట్టాను."

"ఎవరూ వచ్చి చూడరండీ. మీకు ఏ ఇబ్బందీ ఉండదు."

"ఎవరూ చూడరని నాకూ తెలుసు" అని కాగితాన్ని మడత పడకుండా నా చేతికి తిరిగిచ్చేశారు. కోపం కూడా లేదు ఆ మొహంలో. అదే నాకు ఇంకా మండింది. మూడు నాలుగేళ్ల నా బతుకు, మా నాన్న ఎదుట చెప్పుకున్న గొప్పలు అన్నీ ఆ ఒక్క సంతకం దగ్గర ఆగిపోయాయి. "మీరు పుట్టిందే అమెరికా పాస్‌పోర్టుతో, మీకు ఈ బాధ ఎలా తెలుస్తుంది!" అనేసి బండెక్కి మైదానంలోకి పోయాను.

మూడింటికి ఠంగుమంది. నేను కదల్లేదు. మళ్లీ ఠంగు. మరునాడూ అంతే, ఆ మరునాడూ అంతే. మూడో రోజు వరసగా పదకొండు ఠంగులు లెక్కపెట్టాను. తరవాత ఉన్నట్టుండి అన్ని దెబ్బలూ ఆగిపోయాయి. ఏమిటా అని వల సందులోంచి చూస్తే, పచ్చిక మధ్యలోంచి మార్లీన్ గారు గొడుగు వేసుకుని నడిచొస్తున్నారు. ఎండ కాస్తోంది, వాన లేదు, ఆ గొడుగు బంతుల కోసం. బడి బస్సు నడిపి రిటైరైన మనిషి కావడం వల్ల కాబోలు, ఆవిడ చెయ్యెత్తితే ఎవరైనా ఆగాల్సిందే. వచ్చి, నా పక్కన ఇరుక్కుని కూర్చుని, గొడుగు మూసి, గుడ్డు శాండ్‌విచ్ ఒకటి నా ఒళ్లో పెట్టారు.

"గడ్డి సంగతి నీకు చెప్పాడా?"

లేదన్నాను.

"చెప్పడు. కానీ దాని గురించి సణుగుతాడు" అని ఆవిడే చెప్పారు.

ఆ ఒక్క ఏడాది ఆఖరి టోర్నమెంట్, ఆఖరి రోజు. అందులో కాస్త పైన నిలిస్తే మరుసటి ఏడాది కూడా పెద్ద టూర్‌లో చోటుంటుంది. గోల్ఫ్‌లో ఎంత తక్కువ షాట్లు కొడితే అంత గొప్ప. హార్లన్ గారి బంతి దట్టమైన గడ్డిలో పడింది. కొట్టడానికి క్లబ్‌ని బంతి వెనక ఆనించారు. బంతి కదిలింది. ఎంత? బియ్యపు గింజంత. ఆ రోజుల్లో రూల్ ప్రకారం అలా కదిలితే ఒక షాట్ పెనాల్టీ. అక్కడ కెమెరా లేదు, జనం లేరు, తోటి ఆటగాడు అటు తిరిగి ముక్కు చీదుకుంటున్నాడు. హార్లన్ గారు చెయ్యెత్తి రిఫరీని పిలిచి, బంతి కదిలిందని చెప్పారు. ఒక షాట్ పడింది. సరిగ్గా ఆ ఒక్క షాట్ తేడాతోనే చోటు పోయింది. మళ్లీ మూడుసార్లు పరీక్ష రాశారు, పాసవ్వలేదు.

"మా మొదటి డేట్‌లో ఇది చెప్పాడు. వీడు ఒట్టి తెలివితక్కువవాడనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటున్నాను. నలభై ఏళ్లుగా అన్నం ముందు కూర్చుని ఆ బంతిని తిడతాడు. కానీ సోజీ, కదల్లేదని మాత్రం ఒక్కసారీ అనలేదు. నీ కాగితం మీద సంతకం పెట్టడం వాడికి రాదు. నేర్పించడానికి నాకు ఓపిక లేదు" అన్నారు మార్లీన్ గారు.

శాండ్‌విచ్ పూర్తి చేసి ఇద్దరం బండిలోనే షాపుకి వెళ్లాం. అక్కడ బల్బీర్ గారు కూర్చుని ఉన్నారు. హార్లన్ గారు నా వైపు చూడకుండా ఆయనతో, "నాకు వయసైపోయింది. ఈ షిఫ్టులు వెయ్యడం, స్టాకు చూడడం నా వల్ల కాదు. కోచింగ్ ఒక్కటే చేస్తాను. సూపర్‌వైజర్ పని ఇవాళ్టి నుంచి సోజీకి ఇవ్వండి" అన్నారు.

బల్బీర్ గారు గడ్డం గోక్కున్నారు. "ఎవరి మీద సూపర్‌వైజర్? ఇక్కడ మీరిద్దరేగా ఉన్నది."

"నా మీద" అన్నారు హార్లన్ గారు.

ఆ రోజు నుంచి పన్నెండు నెలలు లెక్కపెడితే పర్మిట్‌కి మూడు నెలలు మిగులుతుంది. చాలా సన్నని దారి. అయినా అది నిజమైన దారి. సరేనన్నాను. సర్రీ కాదు, సరే.

పేరుకి కాకుండా నిజంగా సూపర్‌వైజర్ పని చేస్తే ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. నా కింద ఉన్న ఏకైక ఉద్యోగి ఏనాడూ టైముకి రాలేదు. పదింటి కోచింగ్‌కి పదీ నలభైకి వచ్చి, దారిలో పెద్దబాతులు అడ్డం వచ్చాయనేవారు. మూడు వారాలు మర్యాదగా చెప్పి చూశాను. చివరికి ఇంటర్నెట్‌లో నమూనా వెతికి, వార్నింగ్ లెటర్ టైప్ చేసి ఇచ్చాను. ఆయన శ్రద్ధగా చదివి, కింద సంతకం పెట్టి, పటం కట్టించి, పెద్ద టూర్‌లో ఆడినప్పటి ఫోటో పక్కన గోడకి తగిలించారు. వచ్చినవాళ్లందరికీ ఫోటో వదిలేసి దాన్నే చూపించేవారు. రెండో వార్నింగ్ తరవాత మాత్రం పదీ పదికల్లా వచ్చేవారు.

ఒకసారి ఒక భారీ మనిషి వల దాటించి రోడ్డు మీదికి బంతులు కొడుతూ పందెం వేస్తున్నాడు. ఆపమంటే, "నువ్వెవరు చెప్పడానికి?" అన్నాడు. వెనక్కి చూస్తే హార్లన్ గారు చేతులు కట్టుకుని నిలబడ్డారు, పెదవి విప్పరు. ఇక తప్పక నేనే, "నేను ఇక్కడ సూపర్‌వైజర్‌ని. బకెట్ అక్కడ పెట్టి వెళ్లండి" అన్నాను. ఆశ్చర్యం, అతను వెళ్లిపోయాడు.

"ఒక్క మాట సాయం చెయ్యలేదేంటండీ?" అని హార్లన్ గారి మీద విరుచుకుపడ్డాను.

"నేను మీ కింద పనిచేసేవాణ్ణి. మేడమ్ మాట్లాడుతుంటే మధ్యలో దూరితే మూడో వార్నింగ్ ఇవ్వరూ?" అన్నారాయన, మొహంలో ఒక్క గీత కదలకుండా.

జనవరిలో మంచు విపరీతంగా పడి రేంజ్ పద్దెనిమిది రోజులు మూతపడింది. పని లేదు, గంటలు లేవు. ఏడాది తిరిగాక బల్బీర్ గారు మంచి మనసుతో, ఆ పద్దెనిమిది రోజుల ఊసెత్తకుండా, ఏడాది నిండిందని లెటర్ రాసి ఇచ్చారు. దాన్ని పట్టుకుని ఇంటికెళ్లాను, పీఆర్ కోసం ఆన్‌లైన్‌లో తెరిచిన ప్రొఫైల్‌లో పెట్టబోయాను. కర్సర్ మినుకు మినుకుమంటోంది. సింధు పక్కనే కూర్చుని "నొక్కెయ్యి, నొక్కెయ్యి" అంటోంది. నాకు ముక్కు చీదుకుంటున్న ఆ ఆటగాడు కనిపించాడు. లాప్‌టాప్ మూసేసి, మరునాడు లెటర్ వెనక్కిచ్చి, ఆ రోజులు కూడా పనిచేశాకే తేదీ వెయ్యమన్నాను.

ఆ మధ్యలోనే, స్కోరు కటాఫ్ దాటినవాళ్లని పీఆర్‌కి పిలిచే డ్రా జరిగింది. కటాఫ్ చూశాను. నొక్కేసి ఉంటే రెండు పాయింట్ల తేడాతో నాకు వచ్చేసేది. సింధుకి వచ్చింది. పాపం తను ఏడుస్తూ నాకు లడ్డూ తినిపించింది. తరవాతి డ్రాకి కటాఫ్ ఎక్కడికో ఎగిరిపోయింది, మళ్లీ కిందికి దిగలేదు.

హార్లన్ గారికి చెబితే గర్వపడతారనుకున్నాను. కళ్లు చెమరుస్తాయని కూడా కాస్త ఆశపడ్డాను. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"పద్దెనిమిది రోజుల కోసమా? నీకు బుద్ధుందా! నాది ఒక్క షాటే పోయింది, నువ్వు దేశమే పోగొట్టుకుంటున్నావు!"

"మరి మీరెందుకు సంతకం పెట్టలేదండీ?" అని నేనూ అరిచాను.

"నేను తెలివితక్కువవాణ్ణి! అడుగు, మార్లీన్‌ని అడుగు!"

ఆయన నెమ్మదిగా కూర్చుని, "మీ ఆటలో స్కోరు ఎక్కువున్నవాళ్లు గెలవడమే పెద్ద తప్పు" అని గొణిగారు. తరవాత టీ ఆయనే పెట్టారు. ఆయన చేత్తో పెట్టిన టీ అదొక్కటే తాగాను, చాలా ఘోరంగా ఉంది.

పర్మిట్ ఇంకో రెండు నెలల్లో అయిపోతుందనగా, ఎడ్మంటన్‌లో ఒక ఇండోర్ స్పోర్ట్స్ సెంటర్‌లో సూపర్‌వైజర్ ఉద్యోగం చూసి అప్లై చేశాను. వాళ్లకి నేను నచ్చితే, ఆ రాష్ట్రం తరఫున పీఆర్‌కి దారి దొరుకుతుంది. ఇంటర్వ్యూలో, "మీరు మేనేజ్ చేసినవాళ్లలో అతి కష్టమైన మనిషి గురించి చెప్పండి" అన్నారు. అరగంట చెప్పాను. పెద్దబాతులు, పటం కట్టించిన వార్నింగ్, బండి రేకు మీద బంతులు, ఏదీ వదల్లేదు. వీడియోలో అవతల ముగ్గురూ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటున్నారు. ఆ తరవాత వాళ్లు రెఫరెన్స్ కోసం హార్లన్ గారికి ఫోన్ చేస్తే, ఆయన రెండే వాక్యాలు చెప్పారట: "ఆవిడ నాకు రెండు వార్నింగులు ఇచ్చింది. రెండూ న్యాయమైనవే." ఉద్యోగం వచ్చింది. పీఆర్ రావడానికి ఇంకా చాలా రోజులు పట్టింది, జుట్టు కొంత ఊడింది, కానీ వచ్చింది.

మూడేళ్ల క్రితం హార్లన్ గారు పోయారు. సంతాప సభ రేంజ్‌లోనే పెట్టారు. మార్లీన్ గారు నన్ను మాట్లాడమన్నారు. నిజాయితీ మీద మంచి మాటలు విమానంలో రాసుకుని వెళ్లాను. తీరా నిలబడ్డాక, వాచీ చూసుకుంటే, కార్యక్రమం నలభై నిమిషాలు ఆలస్యంగా మొదలైందని గమనించాను. "ఇవాళ కూడా టైముకి రాలేదు" అన్నాను. మార్లీన్ గారు నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయారు. నేను రాసుకున్న కాగితం తీసే అవసరమే రాలేదు.

ఆ కాగితంలో రాసుకున్నంత మంచిదాన్ని కాదు నేను. అన్నం తిన్నానని అమ్మకి అబద్ధం చెబుతాను, ఇంట్లోనే ఉండి బయట ఉన్నానని చుట్టాలకి చెబుతాను. కానీ ఆఫీసులో నా చేతిలో ఏదైనా తప్పు జరిగితే, ఎవరూ చూడకముందే చెయ్యెత్తి చెప్పేస్తాను. చెప్పాక పెద్దమనిషిలా మౌనంగా భరించనక్కర్లేదని కూడా నేర్పింది ఆయనే. నేను వదులుకున్న ఆ డ్రా గురించి, ఆ రెండు పాయింట్ల గురించి, ఇప్పటికీ నెలకోసారైనా అన్నం దగ్గర సణుగుతాను. కిరణ్ అంతా ఓపిగ్గా విని, "అయితే ఈసారి నొక్కేస్తావా?" అంటాడు.

"నొక్కను" అంటాను, పెరుగు గిన్నె నా వైపు లాక్కుంటూ.